అడ్డా లెక్క, పట్నం లెక్క

పొద్దున ఏడింటికి హైదరాబాద్‌లో ఏ పెద్ద కూడలికి వెళ్లినా వాళ్లు కనిపిస్తారు. తాపీ పట్టుకున్నవాళ్లు మేస్త్రీలు, రంగు మరకల ప్యాంటు వాళ్లు పెయింటర్లు, ఏ పనిముట్టూ లేకుండా టిఫిన్ డబ్బా సంచీతో నిలబడ్డవాళ్లు కూలీలు. ఆడవాళ్లు కాస్త పక్కగా, మూసి ఉన్న దుకాణాల మెట్ల మీద కూర్చుంటారు. ఆ చోటికి మున్సిపాలిటీ పెట్టిన పేరేమీ లేదు. జనం పెట్టుకున్న పేరు అడ్డా.

ఓ కారు ఆగుతుంది. అద్దం సగం దిగేలోపే పదిమంది చుట్టుకుంటారు.

“ఎంతమంది గావాలె సార్?”

“ఇద్దరు. ఇసుక పైకి మొయ్యాలి.”

“ఎన్నో అంతస్తు?”

“మూడు.”

“లిఫ్టు ఉన్నదా?”

“లేదు.”

“మనిషికి వెయ్యి. చాయ్ మీదే.”

“ఎనిమిది వందలిస్తా.”

వెయ్యి అడిగిన మనిషి మొహం పక్కకి తిప్పుకుంటాడు. కారు ముందుకి కదులుతుంది. ఏడున్నరకి అలా మొహం తిప్పుకున్నవాడు తొమ్మిదిన్నరకి ఆరు వందలకే ఆటో ఎక్కడం చూశాను. అడ్డా మీద ఎండ ఎక్కేకొద్దీ కూలి దిగుతుంది. పది దాటాక ఇక ఎవరూ ఏమీ అడగరు. డబ్బాలో తెచ్చుకున్న అన్నం గదికెళ్లి తింటారు.

పల్లె జనం పట్నాలకి ఎందుకొస్తారన్న ప్రశ్న మీద అర్థశాస్త్రంలో బోలెడు పుస్తకాలున్నాయి. వాటిలో సగం సంగతి ఈ రెండున్నర గంటల్లోనే తెలిసిపోతుంది. మిగతా సగం తెలియాలంటే ఊళ్లో చూడాలి.

పుస్తకాల్లో ముందు చెప్పుకోవాల్సింది ఆర్థర్ లూయిస్ రాసినది. వెస్టిండీస్‌లోని సెయింట్ లూసియా దీవిలో పుట్టినవాడు, 1979లో నోబెల్ అందుకున్నాడు. 1954లో ఆయన చెప్పింది సులువుగానే ఉంటుంది. పేద దేశాల పొలాల్లో ఆరుగురు చేయగల పనిని పదిమంది చేస్తుంటారు. అందులోంచి నలుగురు లేచి వెళ్లిపోయినా గింజ తగ్గదు. ఆ నలుగురినీ పట్నంలో ఫ్యాక్టరీ తీసుకుంటే దేశం ఎదుగుతుంది. లెక్క బాగుంది. కానీ నలుగురికి పని ఉన్న పట్నానికి నలభైమంది ఎందుకొస్తున్నారు? పని దొరక్క తిరుగుతున్నవాళ్లు కళ్లెదుట ఉన్నా వచ్చేవాళ్లు ఎందుకు ఆగడం లేదు? 1960లలో కెన్యా రాజధాని నైరోబీ లాంటి చోట్ల ఇదే చూసిన మైకేల్ టొడారో, జాన్ హారిస్ 1970లో ఒక జవాబిచ్చారు. వచ్చేవాడు కూలి ఒక్కటే చూడడు, ఆ కూలి దొరికే అవకాశం ఎంతో కూడా చూస్తాడు. రెండూ గుణించుకుని బయల్దేరతాడు.

ఉదాహరణకి అంకెలు వేసి చూద్దాం. ఊళ్లో కూలి రూ.500, పంట పని లేని నెలలో దొరికేది 8 రోజులు. చేతికొచ్చేది రూ.4,000. పట్నంలో కూలి రూ.900, అడ్డా మీద నుంచి బండెక్కేది 15 రోజులు. అంటే రూ.13,500. గదిలో తన వాటా అద్దె, తిండి, బస్సు కలిపి రూ.7,000 పోయినా రూ.6,500 మిగులుతాయి. ఊళ్లో అయితే ఆ నాలుగు వేలల్లోంచే తినాలి. నెలలో సగం రోజులు ఉత్తచేతుల్తో గదికి తిరిగొచ్చినా అతను నష్టపోలేదు. అందుకే తొమ్మిదిన్నరకి ఆరు వందలకి ఒప్పుకున్నాడు. చూసేవాళ్లకి అది దిక్కులేనితనంలా అనిపిస్తుంది. అతని లెక్కలో మాత్రం ఆరు వందలు సున్నా కంటే ఎక్కువ, ఊరి కూలికంటే కూడా ఎక్కువే.

ఇందులో పాలకులకి మింగుడుపడని సంగతి ఒకటుంది. పట్నంలో పనులు పెరిగితే పని దొరికే అవకాశం పెరుగుతుంది. అవకాశం పెరిగిందన్న కబురు ఫోన్‌లో ఊరికి చేరుతుంది. మరో నలుగురు బస్సెక్కుతారు. అడ్డా మీద గుంపు మళ్లీ అంతే ఉంటుంది. పట్నంలో ఎంత కట్టినా అడ్డా ఖాళీ కాదు. దాన్ని పలచబరచాలంటే కదలాల్సింది ఊరివైపు అంకె. ఆ ఎనిమిది రోజులు పదిహేను కావాలి. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలుపెట్టడం వెనక ఉన్న ఆలోచన ఇదే. కరువుకీ వలసకీ పేరుపడ్డ జిల్లాని అందుకు ఎంచుకున్నారు.

వలస అనగానే తెలంగాణలో ఎవరికైనా గుర్తొచ్చేది పాలమూరు, అంటే మహబూబ్‌నగర్. కృష్ణానది రాష్ట్రంలోకి అడుగుపెట్టేదే ఆ ఉమ్మడి జిల్లాలోంచి. అయినా పొలాలు ఎండి, జనం ఇంకెక్కడో ప్రాజెక్టుల కట్టలు పోయడానికి వెళ్లారు. దేశంలో ఎక్కడ మట్టిపని జరిగినా పాలమూరు లేబర్ ఉంటారని పేరు. నాగార్జునసాగర్ కట్టిన చేతుల్లో వాళ్లవీ ఉన్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే ముంబయిలోని కామాఠిపుర కనిపిస్తుంది. నిజాం ఇలాకా నుంచి వెళ్లి అక్కడ ఇళ్లూ రోడ్లూ కట్టిన తెలుగు కూలీలని కామాఠీలనేవాళ్లు. ఆ పేటకి వాళ్ల పేరే మిగిలింది. ఇప్పుడా పేటని వేరే సంగతికి తలుచుకుంటారు తప్ప పేరు ఎక్కడిదో అడిగేవాళ్లు తక్కువ.

పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1975లో మెట్ట పొలాల ఊళ్లు ఆరింటిని ఎంచుకుని, ఇంటింటి ఆదాయం, ఖర్చు, పంట, అప్పు ఏళ్ల తరబడి రాసుకుంటూ వచ్చారు. ఆ ఆరింటిలో పాలమూరు జిల్లా డోకూరు ఒకటి. ఆ పుస్తకాల్లోని అంకెలు తీసుకుని మార్క్ రోజెన్‌జ్వీగ్, ఓడెడ్ స్టార్క్ అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు 1989లో ఒక చిత్రమైన సంగతి చెప్పారు. ఆడపిల్లని దూరపు ఊరికి ఇవ్వడం వెనక వాన లెక్క కూడా ఉంటుందట. తమ ఊళ్లో వాన తప్పిన ఏడు వియ్యంకుడి ఊళ్లో పడొచ్చు. ఆపద వస్తే అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చేబదులు నడుస్తుంది. మా పెద్దవాళ్లు సంబంధం చూసేటప్పుడు “ఆ ఊరికి నీళ్లున్నాయా?” అని అడగడం విన్నాను. పిల్ల నీళ్లు మొయ్యాల్సొస్తుందని అడుగుతున్నారనుకునేవాణ్ని.

పట్నం వలసలోనూ ఇదే తెలివి ఉంది. బయల్దేరేది ఒక్క మనిషే అయినా, పంపాలన్న నిర్ణయం ఇంటిల్లిపాదిదీ. తండ్రి ఊళ్లో రెండెకరాలూ గొర్రెలూ చూసుకుంటాడు. పెద్దకొడుకు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్తాడు. చిన్నవాడు పూణెలో. కూతురు నీళ్లున్న ఊళ్లో కాపురం చేస్తుంది. వాన, సిమెంటు పని, పక్క రాష్ట్రం మూడూ ఒకే ఏడాది మోసం చేయవని ఆ ఇంటి నమ్మకం. బీమా కంపెనీ గడప తొక్కని ఇళ్లు తమకి తాము రాసుకున్న పాలసీ ఇది. అందుకే పట్నంలో పదేళ్లున్నా పీర్ల పండగకో బోనాలకో ఊరెళ్తారు, ఓటు ఊళ్లోనే వేస్తారు, పెళ్లి ఊళ్లోనే చేస్తారు. “ఊరొదిలేసి వచ్చారు” అనే మాట వాళ్ల విషయంలో తప్పు. ఒక కాలు ఊళ్లోనే ఉంటుంది.

అయితే వలసలన్నీ ఒక్కటి కావు. “వలస ఆపాలి” అని మైకు పట్టుకునే నాయకుడూ, “వలస అభివృద్ధికి గుర్తు” అని రాసే పండితుడూ ఇద్దరూ ఇక్కడే పొరబడతారని నా అభిప్రాయం. నేను అడిగే ప్రశ్న ఒకటే: బయల్దేరేముందు అడ్వాన్సు తీసుకున్నాడా? తీసుకోకపోతే అడ్డా మీద మొహం తిప్పుకునే హక్కు అతని దగ్గరుంది. తీసుకుంటే ఆ హక్కు ఇంటి దగ్గరే అమ్ముడుపోయింది. పాలమూరులో గుంపు మేస్త్రి పండగ ముందు అప్పిచ్చి, పండగయ్యాక లారీ ఎక్కించేవాడు. ఒడిశా పశ్చిమ జిల్లాలైన బలంగీర్, నువాపడాల నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకి కుటుంబాలకి కుటుంబాలు వచ్చేది ఇప్పటికీ ఆ పద్ధతిలోనే. కూలి లెక్క రోజుల మీద కాదు, వెయ్యి ఇటుకల మీద. అప్పు తీరిందో లేదో చెప్పే పుస్తకం యజమాని చేతిలో ఉంటుంది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చాయి. రెండోదానికి ప్రేరణ ఒడిశా కూలీల గోడే. అయినా బట్టీ దగ్గర మొదట చూపించే కాగితం అప్పు కాగితమే.

ఊరి సంగతి ఇంతవరకే. ఇక పట్నం ఎలా పెరుగుతుందో చూద్దాం. చాలామంది పొరబడేది ఇక్కడే.

రోడ్డు మీద ఇరుకు కనబడగానే “అందరూ ఇక్కడికే వస్తున్నారు” అంటాం. 2001 నుంచి 2011 మధ్య భారత పట్టణ జనాభా 28.6 కోట్ల నుంచి 37.7 కోట్లకి పెరిగింది. పల్లెల్లో పెరిగిన జనం కంటే పట్టణాల్లో పెరిగిన జనం ఎక్కువ కావడం స్వాతంత్ర్యం వచ్చాక అదే మొదటిసారి. పెరిగిన ఆ తొమ్మిది కోట్లలో వలస వచ్చినవాళ్లు ఐదో వంతుకి అటూ ఇటూ. సగానికి కాస్త తక్కువ పట్టణాల్లోనే పుట్టిన పిల్లలు. మిగిలినవాళ్లు ఇల్లు కదలకుండానే పట్టణవాసులైపోయారు.

పుట్టుకల సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. 18వ శతాబ్దపు లండన్‌లో పుట్టేవాళ్ల కంటే పోయేవాళ్లే ఎక్కువ. మురికినీరు, మశూచి, క్షయ. పల్లెల నుంచి జనం రాకపోతే ఆ నగరం కుంచించుకుపోయేది. ఇప్పటి ఢాకాకీ లేగోస్‌కీ హైదరాబాద్‌కీ ఆ బాధ లేదు. టీకాలున్నాయి, ఆసుపత్రులున్నాయి. కొత్తగా వచ్చేవాళ్లు పడుచువాళ్లు కాబట్టి పిల్లల్ని కంటారు, ఆ పిల్లలు బతుకుతారు. పేద దేశాల నగరాలు అంత వేగంగా పెరగడానికి పెద్ద కారణం ఇది. 1950లో ప్రపంచ జనాభాలో పట్టణవాసులు పదింట ముగ్గురు. 2007 నాటికి సగమయ్యారు.

ఇల్లు కదలకుండా పట్టణవాసులు కావడం ఎలాగో చెప్పాలి. ఒక ఊళ్లో 5,000 మంది ఉండి, చదరపు కిలోమీటరుకి కనీసం 400 మంది చొప్పున నివసిస్తూ, మగ శ్రామికుల్లో నూటికి 75 మంది సేద్యం కాని పనుల్లో ఉంటే, జనగణనవాళ్లు దాన్ని పట్టణంగా రాసుకుంటారు. ఊరికి మున్సిపాలిటీ ఉండక్కర్లేదు. ఇలాంటి ‘జనగణన పట్టణాలు’ దేశంలో 2001లో 1,362. 2011లో 3,894. సర్పంచే ఏలుతుంటాడు, పంచాయతీ నిధులే వస్తాయి, కానీ జనం పట్టణమంత. మూడంతస్తుల మేడల మధ్య మురుగు నీరు తెరిచిన కాలవలో పారుతుంటుంది. పంచాయతీ దగ్గర భూగర్భ డ్రైనేజీ వేసే స్తోమత లేదు, మున్సిపల్ శాఖ జాబితాలో ఆ ఊరు లేదు.

రెండో దారిలో ఊరే మున్సిపాలిటీలో కలిసిపోతుంది. 2007 ఏప్రిల్‌లో హైదరాబాద్ నగరపాలక సంస్థకి చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలనీ 8 గ్రామ పంచాయతీలనీ కలిపి గ్రేటర్ చేశారు. రాత్రి పడుకున్నప్పుడు ఊళ్లో ఉన్నవాడు పొద్దున నగరంలో లేచాడు. ఇలాంటి విలీనం మాటొచ్చినప్పుడల్లా శివారు ఊళ్లు ధర్నా చేస్తాయి. పట్నంవాళ్లకి అది మొండితనంగా కనిపిస్తుంది. ఊరివాళ్ల లెక్క చూడండి: ఇంటిపన్ను పెరుగుతుంది, ఉపాధి హామీ పని పోతుంది, సర్పంచి ఇంటి ముందు కూర్చుని అడిగే చనువు పోతుంది. బదులుగా వచ్చే నల్లా ఎప్పుడొస్తుందో తెలీదు. లాభపడేది రోడ్డుపక్క భూమి ఉన్నవాళ్లు. ఆ భూమిలో కూలికెళ్లేవాళ్లు కాదు.

ఇక్కడ పక్కదారి పట్టకుండా ఉండలేను. తెలంగాణ పల్లెల్లో “పట్నం పోతున్న” అంటే ఏ పట్నమని ఎవరూ అడగరు. కోస్తాలో అడగాల్సి వస్తుంది. 2011లో గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు, రెండో స్థానంలో ఉన్న వరంగల్ శివార్లతో కలిపి 8 లక్షలకి అటూ ఇటూ. ఎనిమిదింతల తేడా. అదే కోస్తాలో విశాఖ 17 లక్షలు, విజయవాడ 10, గుంటూరు 6. డెల్టా కాలవలు రైతుల చేతికి డబ్బిచ్చాయి, ఆ డబ్బు దగ్గర్లోని ఊళ్లలో రైసుమిల్లయింది, పొగాకు గోదామయింది, సినిమా హాలయింది. తెలంగాణ మెట్ట పొలానికి అంత మిగులు లేదు, రాజధాని ఒక్కటే అన్నిటినీ లాక్కుంది. ఒకే నగరం మీద ఇంత భారం పడటం థాయిలాండ్‌లోనూ ఉంది, పెరూలోనూ ఉంది. డోకూరు కుర్రాడు మహబూబ్‌నగర్‌లో పని దొరికితే రాత్రికి ఇల్లు చేరతాడు. హైదరాబాద్ అయితే గది వెతుక్కోవాలి.

ఆ గది చూడండి. జగద్గిరిగుట్టలోనో బోరబండలోనో వాలులో కట్టిన రేకుల గది. పన్నెండడుగులకి పది. గోడకి మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో మనిషి చొక్కా. నలుగురు అదే ఊరివాళ్లు, ఐదోవాడు పక్క ఊరివాడు, అతన్ని ఇంకా “కొత్తోడు” అనే పిలుస్తారు, వచ్చి రెండేళ్లయినా. వంట వంతులవారీగా. బియ్యం మాత్రం ఊరి నుంచే, రేషన్ బియ్యమో పొలం బియ్యమో, సంచీలో బస్సు టాపు మీద. ఎక్కడున్నా రేషన్ తీసుకోవచ్చన్న ఏర్పాటు 2019 ఆగస్టులో మొదలైనప్పుడు ముందుగా కలిపిన రాష్ట్రాల జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. కానీ ఈ గదిలోవాళ్లు కార్డు ఊళ్లో వదిలొస్తారు. తల్లీ పిల్లలూ తినాలిగా.

ఇలాంటి వాడలన్నిటినీ మురికివాడలని ఒక్కమాటలో తోసేస్తాం. పది లక్షలు దాటిన నగరాల్లో మురికివాడల ఇళ్ల వాటా ఎక్కడ ఎక్కువ అని అడిగితే ఎవరైనా ముంబయి అంటారు. 2011 జనగణనలో మొదటి స్థానం విశాఖపట్నానిది: నూటికి 44 ఇళ్లు. ముంబయి 41 దగ్గర ఆగింది. సముద్రపు గాలి తగిలే విశాఖ అంత అధ్వానమా అని కంగారుపడొద్దు. వాడని గుర్తించి జాబితాలో ఎక్కించడం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మిగతా రాష్ట్రాల కంటే ఎక్కువగా జరిగింది. జాబితాకెక్కితే నల్లా అడగొచ్చు, పట్టా అడగొచ్చు. ఎక్కకపోతే ఆ వాడ ఉన్నట్టే కాదు. ఇక్కడ అంకె ఎక్కువ ఉండటం ఒకరకంగా నయమే.

అసలు కష్టం అంకెల్లోకే రానివాళ్లది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి 1996లో చట్టం చేసి, కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు పెట్టారు. సంక్షేమ బోర్డులో పేరు నమోదు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపించాలి. అడ్డా కూలీకి రోజుకో యజమాని. ఇసుక మోయించుకున్న కారాయన సంతకం చేస్తాడా? 1979 చట్టం కాంట్రాక్టరు తెచ్చినవాళ్లకే వర్తించింది. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన కొత్త కార్మిక కోడ్ తనంతట తాను వచ్చినవాడినీ వలస కార్మికుడన్నది. బాగానే ఉంది. కానీ రాష్ట్రం సరిహద్దు దాటితేనే. పాలమూరు నుంచి హైదరాబాద్‌కి ఏ సరిహద్దూ లేదు.

ఈ లెక్కలేనితనం 2020లో బయటపడింది. మార్చి 25న కరోనా వల్ల దేశం మూతపడింది. ఎవరు ఎక్కడ ఎంతమంది ఉన్నారో ఏ ప్రభుత్వం దగ్గరా పట్టీ లేదు. జనం రోడ్డు మీద నడవడం మొదలుపెట్టాకే వాళ్లు ఇంతమందని తెలిసింది. వలస కార్మికుల కోసం వేసిన తొలి శ్రామిక్ రైలు మే 1న కదిలింది మన లింగంపల్లి నుంచే, రాంచీ పక్కనున్న హటియాకి, 1,200 మందితో. వాళ్లలో చాలామంది సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ భవనాలు కడుతున్నవాళ్లు. ఒకప్పుడు అలాంటి చోట పాలమూరు లేబర్ ఉండేది. ఇప్పుడు జార్ఖండ్, బీహార్. నాట్ల కాలంలో కరీంనగర్, నల్లగొండ పొలాల్లోకి సైతం బీహార్, బెంగాల్ కూలీలు వస్తున్నారు. కాలవలు, ఎత్తిపోతలు వచ్చి మన పొలంలో పని పెరిగింది, చేసే చేతులు పట్నంలో ఉన్నాయి. వాళ్ల ఊళ్లోనూ ఎవరో లెక్క వేసుకునే బయల్దేరి ఉంటారు.

2011లో జనగణన లెక్కకట్టిన వలసదారులు దేశంలో 45 కోట్లు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, కారణం పెళ్లి. మూడు నెలలు పట్నం, మూడు నెలలు ఊరు అంటూ తిరిగేవాడు ఆ అంకెల్లో సరిగా చిక్కలేదు. 2021లో జరగాల్సిన లెక్క జరగనే లేదు. ఈ పట్నం నీళ్లు, బస్సులు, బడులు, రేషన్ షాపులు పదిహేనేళ్ల నాటి అంకెల మీద నడుస్తున్నాయి.

తర్వాతి జనగణనకి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. దానికి ముందు ఫిబ్రవరిలో గణకులు మీ గుమ్మం ముందుకొస్తారు. మీ ఇంటివాళ్ల పేర్లు చెప్పాక తలుపేసుకోకండి. సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది, పక్క ప్లాట్లో కడుతున్న భవనం దగ్గర రేకుల షెడ్డు ఉంటుంది, మీ వీధి చివర ఐదు మేకుల గది ఉంటుంది. ఆ గణకుణ్ని అక్కడికి తీసుకెళ్లండి.